మంగళం వంతు

బుధవారం పొద్దున వంతు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నమైనా వెంకటదుర్గ ఫోను తెరవలేదు.

అలాగని ఫోను వదిలిపెట్టిందా అంటే, అదీ లేదు. వంటింట్లోకీ, పెరట్లోకీ, తమ మొక్కల నర్సరీ గట్టు మీదికీ చేతిలో పట్టుకుని తిరుగుతూనే ఉంది. అది కుయ్యిమన్నప్పుడల్లా పైన కనబడే ఒక్క వరుస చదివి, కాలిన పెనం తగిలినట్టు వేలు వెనక్కి తీసుకుంటోంది. సందేశం తెరిస్తే అవతలివాళ్ళకి నీలం టిక్కులు పడతాయని కోడలు సత్యశ్రీ ఎప్పుడో చెప్పింది. నీలం పడితే చదివి కూడా పలకలేదని తెలిసిపోతుంది. పడకపోతే, ఏ పనిలో ఉందో పాపం అనుకుంటారు.

"ఏంటత్తయ్యా, ఫోనుతో దొంగాట ఆడుతున్నారు?" అంది సత్యశ్రీ, కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతూ.

"కళ్ళు లాగుతున్నాయమ్మా."

"నిన్న నడుం అన్నారు."

"నడుం కూడా."

సత్యశ్రీ నవ్వి ఊరుకుంది. కడియం కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయింది కాబట్టి ఆమెకి అత్తగారి సంగతి తెలుసు. చిన్నదానికీ పెద్దదానికీ కంగారే. కొడుకు కిరణ్ కుమార్ రాజమండ్రి దాకా వెళ్ళినా, చేరానని ఫోను వచ్చేవరకూ వీధి గది ఊడవనివ్వదు. మనిషి గడప దాటగానే చీపురు పడితే ఆ మనిషిని ఊడ్చేసినట్టేనని ఆమె పట్టింపు. "మనుషులకంటే సరే. మొక్కల లారీ వెళ్ళినా ఊడవనివ్వరేంటత్తయ్యా? అది నాగపూరు చేరేసరికి మన ఇల్లు దుమ్ము పట్టి చస్తుంది," అని సత్యశ్రీ వెటకారం చేస్తూ ఉంటుంది.

ఈసారి మాత్రం గడప దాటబోతున్నది కొడుకూ కాదు, లారీ కూడా కాదు. వెంకటదుర్గ ఒక్కసారైనా కళ్ళతో చూడని మనిషి.

ఇదంతా భీమవరం రంగరాజు గారి మూలంగా వచ్చింది. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. చెరువు గట్టు మీద నాటడానికి కొబ్బరి మొక్కలు కావాలని నిరుడు కడియం వచ్చారు. కిరణ్ కుమార్ మొక్కలు చూపిస్తుంటే వెంకటదుర్గ పక్కనే నిలబడి, "వీటిని జాగ్రత్తగా చూసుకోండి బాబూ, ఇవి ఉప్పుగాలి ఎరగని పిల్లలు," అంది. రంగరాజు గారు మొక్కల బేరం అక్కడే ఆపేసి ఆవిడ వైపు తిరిగారు. "మీరు రాస్తారాండీ?" అని అడిగారు.

ఆమె రాయదు. చదువుతుంది. మూడో తరగతిలో బడి మానేసి తమ్ముళ్ళని ఎత్తుకు తిరిగిన మనిషి, పచారీ పొట్లాలు విప్పుకుని, అక్షరం మీద అక్షరం పేర్చుకుంటూ, చదవడం తనంతట తనే పట్టుకుంది. ఆ మాటే చెప్పింది. "చాలండీ, మాకు ఎమ్మేలు ఎక్కువైపోయారు," అని ఆయన అక్కడికక్కడే నెంబరు తీసుకుని పిల్లకాలువ అనే గ్రూపులో చేర్చేశారు. గోదావరి జిల్లాల వాళ్ళు కొందరు అందులో కవితలు రాసుకుంటారు.

ఏడాదికోసారి ఆ గ్రూపులో జంట కవితల పందెం పెడతారు. రంగరాజు గారు చెరువు గట్టు మీంచి, వెనక నీళ్ళు చిలికే ఏరేటర్లు బుడబుడమంటుండగా, నోటితోనే నియమాలు చెప్పి పంపించారు. "పందెం అన్నానని కోడిపందెం అనుకునేరు, కత్తులు కట్టక్కర్లేదు. చీటీలు తీసి జంటలు కడతాను. ఒకరు ఎత్తు ఇవ్వాలి, అంటే ఓ చిన్న కవిత. రెండోవారు దానికి జవాబు రాయాలి. ఆరు పాదాలు దాటకూడదు. అలా నెలాఖరు ఆదివారం దీపాలు పెట్టే వేళ దాకా నడుస్తుంది. ఆఖరి కవిత మంగళం. భజనలో లాగే అండి, మంగళం కాకుండా ఎవరూ లేవకూడదు. మంగళం అయ్యాక ఎవరూ కూర్చోకూడదు. వచ్చే ఏడాది మళ్ళీ కొత్త చీటీలు, కొత్త జంటలు. గెలిచిన జంటకి మా ఇంటి రొయ్యల పచ్చడి. నీచు తిననివాళ్ళకి నా పొగడ్త."

చీటీలో వెంకటదుర్గకి సామర్లకోట చిన్నమ్మాయి గారు వచ్చారు. ఆవిడది రైల్వే స్టేషను వెనక వీధి. ముప్ఫై ఏళ్ళు జాకెట్లు కుట్టి ఇప్పుడు మానేశారు. కవిత టైపు చేసి పంపిస్తారు, వెంటనే దాని గురించి రెండు ముక్కలు నోటితో చెప్పి పంపిస్తారు. ఆ మాటల వెనక ఎప్పుడూ ఓ రైలు వస్తూనో పోతూనో ఉంటుంది.

ఆవిడ మొదటి ఎత్తు ఇది:

*రైలు కదిలాక*
*ప్లాట్‌ఫారం మీద మిగిలేది*
*టీ గ్లాసు అడుగున చక్కెర,*
*తిప్పుకోవడం మరిచిన తీపి.*

వెంకటదుర్గ రెండు పూటలు అన్నం సరిగ్గా తినకుండా ఆలోచించి, జవాబు రాసింది:

*గ్లాసు కడిగి బోర్లించినా*
*వేలికి ఆ జిగట వదల్లేదు.*
*ఎవరి తీపో తెలియదు,*
*తలుపు గడియకి కూడా అంటింది.*

పంపాక భయం పట్టుకుంది. తప్పులున్నాయేమో, నవ్వుతారేమో. కాసేపటికి చిన్నమ్మాయి గారి గొంతు వచ్చింది. "అమ్మో, గడియకి కూడా అంటించేశారా? మీరు మాటలు పొదుపుగా వాడే మనిషనుకున్నాను, కొంపంతా జిగట చేసేశారు కదండీ!" ఆ గొంతులో నవ్వు ఉంది. ఎగతాళి లేదు.

అప్పటినుంచి నెలంతా అలాగే నడిచింది. కవితల మధ్య కబుర్లు మొదలయ్యాయి. ఇటునుంచి పనసకాయ కూర సంగతి, అటునుంచి మోకాళ్ళ నొప్పుల సంగతి. ఒకరోజు వెంకటదుర్గ, మీకు ఎవరైనా వెళ్ళిపోతుంటే దిగులనిపించదా అని అడిగింది. చిన్నమ్మాయి గారు, "మా ఇంటి వెనక పొద్దుగుంకులూ రైళ్ళు వెళ్ళిపోతూనే ఉంటాయండి. దేనికని ఏడుస్తాం? ఏడవడం మొదలెడితే జాకెట్లు ఎవరు కుడతారు?" అన్నారు. వెంకటదుర్గ ఆ మాట మళ్ళీ మళ్ళీ వింది. అంత ధైర్యం ఎలా వస్తుందో ఆమెకి అర్థం కాలేదు. అర్థం కాలేదు గాని, ఆ గొంతు విన్న రోజున సాయంత్రం దిగులు కాస్త ఆలస్యంగా వచ్చేది.

బుధవారం వచ్చిన ఎత్తు ఇది. ఆఖరిది.

*నేనిక దిగిపోతానమ్మా,*
*నా స్టేషను వచ్చేసింది.*
*నీ పక్క సీట్లో నా వెచ్చదనం*
*కాసేపుంటుంది, కూర్చో.*

కింద ఒక వరుస: "మంగళం వంతు మీదేనండి. గట్టిగా పాడండి."

సందేశం తెరవకుండానే, తెర పైనుంచి వేలితో కిందికి లాగి, వెంకటదుర్గ అది మొత్తం చదివి ఫోను బోర్లా పెట్టింది. అప్పుడే ఒక ఉపాయం తోచింది. ఉపాయమని తనకి తాను కూడా పేరు పెట్టుకోలేదు. మంగళం కాకుండా ఎవరూ లేవకూడదని రంగరాజు గారే చెప్పారు కదా. చిన్నప్పుడు రామాలయంలో భజన జరుగుతుంటే, ప్రసాదం ఇంకా ఉడకలేదని పెద్దలు సైగ చేసేవాళ్ళు. పాడేవాళ్ళు ఇంకో కీర్తన, ఇంకో కీర్తన అని సాగదీసేవాళ్ళు. మంగళం అందుకునేదాకా, పిల్లలు నిద్రకి తూలుతున్నా సరే, ఒక్క మనిషి లేచేవాడు కాదు. తను మంగళం అందుకోకపోతే చిన్నమ్మాయి గారు మాత్రం ఎలా లేస్తారు?

శుక్రవారం సాయంత్రం ఫోను మోగింది. తెర మీద పేరు చూసి, అది దానంతట అదే ఆగిపోయేదాకా వెంకటదుర్గ చూస్తూ కూర్చుంది. శనివారం ఇంకోసారి మోగింది. తర్వాత ఒక వరుస వచ్చింది: "ఒంట్లో బాగానే ఉందాండీ?" ఆ వరుస తెరవకుండానే చదివింది. బాగానే ఉందని చెప్తే, మరి మంగళం ఏదండీ అంటారు. బాగాలేదని చెప్తే అబద్ధం.

ఆదివారం టిఫిన్లు అయ్యాక సత్యశ్రీ తన ఫోనులో గ్రూపు చూస్తూ, ఒక్కసారిగా తల ఎత్తింది. ఆమె కూడా పిల్లకాలువలో ఉంది. రాయదు, చదువుతుంది.

"అత్తయ్యా, ఇది చూశారా?"

"ఏంటి?"

"చిన్నమ్మాయి గారు పెట్టారు. చదువుతాను వినండి. పిల్లకాలువ మిత్రులకి నమస్కారం. మా జంట కవిత మంగళం దాకా రాలేదండి. లోపం నాదే. నేనిచ్చిన ఎత్తు సరిగ్గా కుదరలేదు. వెంకటదుర్గ గారి తప్పేమీ లేదు. మమ్మల్ని పందెంలోంచి తీసెయ్యండి. ఇన్నాళ్ళూ నా కవితలు ఓర్చుకున్నందుకు అందరికీ దండం." సత్యశ్రీ వేలితో తెర పైకి జరిపింది. "ఆ కిందే ఉందత్తయ్యా. ఆవిడ గ్రూపులోంచి వెళ్ళిపోయారు."

వెంకటదుర్గ చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు పీట మీద పెట్టబోయి, పీట అంచు మీద పెట్టింది. సత్యశ్రీ అది పడకుండా పట్టుకుంది.

"ఆవిడ లోపమేంటి? మీరు కదా రాయనిది. వెంటనే ఫోను చెయ్యండి."

"వెళ్ళేవాళ్ళని వెనక నుంచి పిలవకూడదమ్మా."

"గ్రూపులోంచి వెళ్ళినా ఉందా ఆ పట్టింపు?"

"వెళ్ళడం వెళ్ళడమే కదా."

"బాగుంది. మీరు పలకరు, వెళ్ళినవాళ్ళని పిలవరు. ఇంక మనుషులు మీ దగ్గర ఎలా ఉంటారత్తయ్యా?" సత్యశ్రీ వేళాకోళంగానే అంది. అన్నాక, అత్తగారి మొహం చూసి, నాలిక్కరుచుకుంది. "నా ఉద్దేశం అది కాదు."

"తెలుసులే," అని వెంకటదుర్గ చెప్పులేసుకుని నర్సరీలోకి నడిచింది.

అక్క అత్తారింటికి వెళ్ళినప్పుడు ఆమెకి ఎనిమిదేళ్ళు. రేవులో పడవ దగ్గర అక్క వెనక్కి చూడకుండా మెట్లు దిగుతోంది. "అక్కా" అనబోతే నాయనమ్మ చేత్తో నోరు మూసింది. వెనక పిలిస్తే వెళ్ళినపని చెడుతుందే అంది. ఆ తర్వాత అక్క చాలాసార్లు వచ్చింది, వెళ్ళింది, పిల్లల్ని కని, ముసలిదై, కన్నుమూసింది కూడా. ఆ రేవులో పిలవబోయిన పిలుపు మాత్రం గొంతులోనే ఉండిపోయింది. దేనికి పిలవబోయిందో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

భర్త శివరామకృష్ణది ఇంకో సంగతి. గుండె ఆపరేషనుకి ఆయన్ని చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్తుంటే, మోటారు షెడ్డు తాళం ఎక్కడ పెట్టారో అడగాలని గుర్తొచ్చింది. ఆయన అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళిపోయారు. వెనక నుంచి పిలవకూడదని ఊరుకుంది. వచ్చాక అడగొచ్చులే అనుకుంది. ఆయన రాలేదు. పదకొండో రోజు వెళ్ళాక కిరణ్ కుమార్ రాయితో ఆ తాళం పగలగొట్టాడు. పిలిస్తే బతికేవారని వెంకటదుర్గ ఎప్పుడూ అనుకోలేదు, అంత తెలివితక్కువది కాదు. కాని ఆఖరి మాట తాళం గురించైనా సరే, ఒక మాట ఉండేది. ఆయన, దూలం మీద చూడవే, అని విసుక్కునేవారు. ఆ విసుగు తనకి మిగిలేది.

నర్సరీలో పనిచేసే బేబి అప్పుడు మామిడి మొక్కల దగ్గర ఉంది. పదేళ్ళుగా ఇక్కడే పని. మంగళవారం లారీ ఎక్కాల్సిన మొక్కలు కొన్ని నీడ కోసం కట్టిన షేడ్ నెట్ కింద వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇంకొన్ని ఎండలో, నేల మీదే ఉన్నాయి. బేబి ఒక మొక్కని పట్టుకుని ఊపి చూసింది. అది కదల్లేదు. కవరు అడుగు చీల్చుకుని వేరు నేలలోకి దిగిపోయింది.

"చూడండమ్మగారూ, దీని ఏషాలు," అంది బేబి. "మట్టి చాలదా దీనికి? కవరు జరుపుతానే ఉన్నాం, ఇది దిగిపోతానే ఉంది."

"ఉన్నచోట ఉండిపోదామని దానికి ఆశ."

"ఆశుంటే అయిపోద్దా? దీన్ని కొన్నోళ్ళు ఒడిశాలో కూకుని ఎదురుచూత్తన్నారు." బేబి కత్తి కవరు కిందికి పోనిచ్చి, వేరు తెంపి, మొక్కని పక్కకి ఎత్తింది. కిందున్న గుంటలో తెగిన వేరు తెల్లగా కనిపించింది.

"ఇది మంగళవారం లారీకేనా?" అడిగింది వెంకటదుర్గ.

"అయ్యో, ఇదెక్కడెక్కుద్దండి! ఇయ్యాల తెంపి ఎల్లుండి ఎక్కిత్తే దార్లోనే కర్రైపోద్ది. మీకు తెలీందేముంది. నీడలో ఉండాలి కదా ఇది. ఆ పై లారీకి చూద్దాం."

తెలియకేం. పెళ్ళై వచ్చిన ఏడాదే అత్తగారు నేర్పిన పని ఇది. వేరు తెంపిన మొక్కకి ముందు ఆకు వాలిపోతుంది. పొద్దున్నా సాయంత్రం నీళ్ళు చల్లుతూ, ఎండ తగలకుండా, దాన్ని పదిరోజులు అలా ఉంచాలి. ఆకు మళ్ళీ నిలబడ్డాకే ప్రయాణం. ఈ సంగతి ఆమె మొక్కలు కొనేవాళ్ళు ఎన్ని వేలమందికి చెప్పి ఉంటుందో!

బేబి ఆ మొక్కని నెట్ కిందికి తీసుకెళ్ళి నీళ్ళు చల్లింది. ఆకులు అప్పుడే కొంచెం వేలాడుతున్నాయి. వెంకటదుర్గ దాని పక్కనే ఖాళీ బస్తా మీద కూర్చుంది. చిన్నమ్మాయి గారి సందేశం మళ్ళీ మనసులో మెదిలింది. లోపం నాదే, ఎత్తు కుదరలేదు. అంటే ఆ మనిషి నాలుగు రోజులుగా తన కవితనే అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, ఎక్కడ కుట్టు తప్పిందా అని వెతుక్కుని ఉంటుంది. ఫోను చేస్తే పలకలేదు. ఎలా ఉన్నారంటే పలకలేదు. నెలరోజులు మాట్లాడి మాట్లాడి, ఒక్క బుధవారం పొద్దున టక్కున ఆపేస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? విడిపోవడమంటే భయమని తనే తెంపేసింది. తెంపి, ఒక చుక్క నీళ్ళైనా చల్లకుండా ఎండలో వదిలేసింది. మామిడి మొక్కకి చేసే పాటి మర్యాద చెయ్యలేదు.

"బేబీ, కాసేపు అవతల పని చూసుకో."

"ఏమ్మగారూ?"

"ఫోను మాట్లాడాలి."

"మాట్లాడండి, నాకేం చెవుల్లేవు," అంటూ బేబి కుండీల వైపు వెళ్ళింది. మరీ దూరం వెళ్ళలేదు.

వెళ్ళినవాళ్ళని పిలవడం ఆమెకి ఇదే మొదలు. నెంబరు నొక్కే ముందు కొంగుతో తెర తుడిచింది. తుడవాల్సిందేమీ లేదు. రెండుసార్లు మోగేసరికే అవతల ఎత్తారు.

"నేనండీ, కడియం నుంచి."

"తెలిసిందండి. పేరు పడింది కదా." గొంతు పొడిగా ఉంది.

"బాగున్నారా?"

"నాకేం, రాయిలా ఉన్నాను. బాగాలేనిది మీరనుకున్నాను. మంచం పట్టే జొరమేదో వచ్చిందని, తగ్గితే వీధిలో పిల్లలకి పానకం పోస్తానని కూడా మొక్కుకున్నానండి. ఇప్పుడు వచ్చిందంటారా, రాలేదంటారా? బెల్లం నానేసుకోవాలి మరి."

"రాలేదండి." వెంకటదుర్గ గొంతు సవరించుకుంది. "రాయలేదండి నేను. కావాలనే."

అవతల ఏదో స్టేషను ప్రకటన లీలగా వినిపించి ఆగింది.

"నా ఎత్తు నచ్చకపోతే చెప్పెయ్యచ్చు కదండీ. చంక దగ్గర పట్టేసిందమ్మా అని మొహం మీదే జాకెట్టు విసిరినవాళ్ళు ఉన్నారు. విప్పి మళ్ళీ కుట్టాను గాని ఏడవలేదు. పలక్కుండా ఊరుకుంటే, ఎక్కడ పట్టేసిందో నాకెలా తెలుస్తుంది?"

"నచ్చకపోవడం కాదండీ."

"మరి?"

"మంగళం పాడేస్తే మీరు లేచి వెళ్ళిపోతారని."

వెంకటదుర్గ ఫోను చెవి మీంచి తీసి, కట్టయిందేమో చూసి, మళ్ళీ పెట్టుకుంది.

"ఉన్నారాండీ?"

"ఉన్నాను. మీరన్నది అర్థం చేసుకుంటున్నాను. రాస్తే నేను వెళ్ళిపోతానని మీరు రాయలేదు. మీరు రాయలేదని నేను వెళ్ళిపోయాను. అంతేనా?"

"ఆయ్."

"ఇద్దరం కలిసి భలే తెలివైన పని చేశామండి. పచ్చడి సీసా మనకే ఇవ్వాలి."

వెంకటదుర్గకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కళ్ళు కూడా కారాయి. కొంగుతో తుడుచుకుంటూ, బుధవారం నుంచి గుండెల్లో రాయిలా ఉన్న మాట అడిగేసింది. "నా స్టేషను వచ్చేసిందని రాశారు కదండీ. ఒంట్లో ఏమీ లేదు కదా?"

"ఒంట్లోనా? మోకాళ్ళు. అవి ఇరవై ఏళ్ళనించి ఉన్నాయి. అది కవితండీ బాబూ! నేను దిగేది సామర్లకోటలోనే. పుట్టిన దగ్గర్నించీ ఇక్కడే దిగి ఉన్నాను." ఆవిడ ఒక క్షణం ఆగారు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది. "అయినా ఒకటి చెప్తాను. రైళ్ళకి ఏడవననేది నిజమే. ఎందుకంటే వాటిల్లో నావాళ్ళెవరూ లేరు. శుక్రవారం మీరు ఫోను ఎత్తకపోతే ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇది మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీరూ గ్రూపులో పెట్టకండి."

"పెట్టనండి."

"సరే, మంగళం ఏదండీ? ఉందా, అదీ లేదా?"

పక్కన మామిడి మొక్క ఆకుల మీంచి నీటి బొట్లు కిందికి జారుతున్నాయి. వెంకటదుర్గ దాన్నే చూస్తూ, ఒక్కో పాదం తడుముకుంటూ చెప్పింది. మధ్యలో ఒకసారి ఆగి, ఒక మాట మార్చుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

*కవరు చీల్చి నేల పట్టిన వేరుని*
*తెంపక తప్పదు ప్రయాణానికి.*
*తెంపిన చేత్తోనే నీళ్ళు చల్లి*
*నీడన కూర్చోబెడతాం.*
*వాలిన ఆకు తలెత్తేదాకా*
*లారీకి తొందర లేదు.*

ఈసారి వెంకటదుర్గ, కట్టయిందేమోనని ఫోను తీసి చూసుకోలేదు.

"బాగుందండి," అన్నారు చిన్నమ్మాయి గారు మెల్లగా. "తెంపిన చేత్తోనే అన్నారు చూడండి, అక్కడ నాకు..." అంతలోనే మాట మార్చారు. "ఆఖరి పాదం మాత్రం బాగోలేదు. మార్చండి."

"ఏం?"

"లారీకి తొందర లేకపోవడమేంటండీ? మా వీధి చివర పగలనక రాత్రనక చెరుకు లారీలు. ఒక్కటంటే ఒక్క లారీ నిదానంగా వెళ్ళడం ఈ జన్మలో నేను చూడలేదు. తొందర లేని లారీ ఎక్కడుందండీ?"

"అది మా లారీ అండి. మేం ఎక్కిస్తేనే కదులుతుంది."

"డ్రైవరు ఊరుకుంటాడా?"

"టీ ఇస్తాం."

"పదిరోజులా?"

"మార్చనండి," అంది వెంకటదుర్గ. అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇంతవరకూ ఆమె ఎవరితోనూ ఇంత గట్టిగా కాదనలేదు.

మధ్యలో ఫోను చిన్నగా మోగింది. రంగరాజు గారు పిలుస్తున్నారు. చిన్నమ్మాయి గారితో, మళ్ళీ చేస్తానండి, అని చెప్పి అది ఎత్తింది. ఏరేటర్ల చప్పుడులోంచి ఆయన కేకేశారు. "ఏంటండీ ఇది, ఆవిడ లేచిపోయారు, మీరు పలకరు! మంగళం కాకుండా లేవకూడదని చెప్పానా లేదా?"

"ఆవిడని మళ్ళీ గ్రూపులో చేర్చండి రాజు గారూ. మంగళం పంపిస్తున్నాను."

"దీపాలు పెట్టేలోపే సుమండీ!"

ఇంకా చాలా పొద్దుంది. వెంకటదుర్గ అక్కడే, ఆ బస్తా మీదే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసింది. సత్యశ్రీ ఎప్పుడొచ్చిందో, వెనక నిలబడి భుజం మీంచి చూస్తోంది. ఆఖరి పాదం దగ్గర వేలు కాసేపు ఆగింది. చెరుకు లారీలు గుర్తొచ్చాయి. ఆవిడ చెప్పిందీ నిజమే. అయినా మార్చలేదు.

"నొక్కండత్తయ్యా," అంది సత్యశ్రీ.

"నొక్కితే అయిపోతుందమ్మా."

"అవ్వనివ్వండి."

నొక్కింది. కవిత తెర మీదికి ఎక్కింది. దాని పక్కన ముందు ఒక టిక్కు పడింది, తర్వాత రెండు. అవి నీలం అవుతాయా లేదా అని వెంకటదుర్గ చూస్తుండగానే, చేతిలో ఫోను గట్టిగా మోగింది. సామర్లకోట.

"మార్చకుండానే పంపించేశారా!" అన్నారు చిన్నమ్మాయి గారు, హలో కూడా అనకుండా.

వెంకటదుర్గ కోడలి వైపు చూసి, అన్నం నువ్వు తినెయ్యి అని చేత్తో సైగ చేసింది. బస్తా మీద కాళ్ళు మడుచుకుని సర్దుకు కూర్చుంది.

"పంపించానండి. ఇప్పుడు చెప్పండి, మీరు చూసిన లారీలు ఏ రకానివి?"